దూడ రుచి చూడని పాలు



మనది శాకాహార సంప్రదాయము. మాంసము ముట్టము, మద్యము ముట్టము. ఈ మాట చెప్పుకొనునప్పుడు మన కంఠమున కొంత గర్వము కూడ పలుకుట సహజము. ఆ గర్వమునకు మా యింట ఒక రాత్రి భోజనవేళ పరీక్ష వచ్చినది.

మేము గడ్డిఅన్నారమున నివసించువారము. కళాశాలలో చదువుచున్న మా అమ్మాయి, మా తల్లిగారు పెరుగు వడ్డింపబోగా విస్తరిపై చేయి అడ్డము పెట్టి, “ఇకమీదట పాలు, పెరుగు, నెయ్యి నాకు వద్దు నానమ్మా” అన్నది. ఎనుబది యేండ్ల మా తల్లి గిన్నె పట్టుకొని అట్లే నిలిచిపోయినది. “పెరుగన్నం తినకుండా లేస్తే అది భోజనమెట్లయితది బిడ్డా?” అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. నాకు కోపము వచ్చినది. “శివునకు అభిషేకించు ద్రవ్యమును వద్దనుటకు నీవెంతదానవు?” అని గద్దించితిని. అమ్మాయి వాదింపలేదు. “బసవన్న పేరుకు అర్థమేమిటి నాన్నా?” అని మాత్రము అడిగినది.

నేను తెలుగు పండితుడను. ‘వృషభ’ శబ్దమునకు ‘బసవ’ తద్భవమని వందలమంది పిల్లలకు బోధించినవాడను. ఆ మాటే చెప్పితిని. “మరి ఆ వృషభము ఇప్పుడెక్కడ నున్నది?” అన్నది. నా యొద్ద సమాధానము లేదు.

మరునాటి ఆదివారము ఆమెతో కలసి నగరపు అంచున నున్న ఒక పాలకొట్టమునకు పోయితిని. అచ్చట ఒక బర్రె ప్రక్కన దూడ పడుకొనియున్నట్లు కనబడినది. దగ్గరకు పోయి చూడగా అది దూడ కాదు. చనిపోయిన దూడ తోలులో గడ్డి కూర్చి కుట్టినది. ఆ తల్లి దానిని నాకుచు పాలు చేపుచుండెను. “దున్న దూడ సార్, పది దినాలకే పోయింది. దానికే పాలు విడిస్తే మాకేం మిగుల్తది?” అని యజమాని చెప్పినాడు. అతడు క్రూరుడు కాడు. దాణా ధర, అప్పు వడ్డీ అతని ముందున్నవి. పాలు పలుచనైనను, ధర పెరిగినను కసరుకొనునది మనమే గదా!

మా ఊరి పేరులో గడ్డియు, అన్నమును రెండును వినబడును. గడ్డి పశువునకు, అన్నము మనిషికి అని ఇన్నాళ్లు మురిసితిని. దూడ కడుపులో పాలు లేక గడ్డి కూరిన తీరు చూచిన పిదప ఆ పేరు విన్నప్పుడెల్ల మనసు చివుక్కుమనుచున్నది.

ఇది ఒక్క కొట్టపు కథ కాదు. 2019 పశుగణన ప్రకారము దేశమున గోజాతి పశువులు సుమారు 19 కోట్ల 25 లక్షలు. అందు ఆడవి 14 కోట్ల 50 లక్షలు. మగవి 5 కోట్లకు లోపే. 2012 లెక్కకంటె ఆడవి నూటికి 18 చొప్పున పెరుగగా, మగవి తగ్గిపోయినవి. పుట్టుకలో ఆడ, మగ దూడలు దాదాపు సమానమే. దుక్కికి ట్రాక్టరు వచ్చినది, బండికి లారీ వచ్చినది. పాలకు మాత్రము ఆవు ఏటేట ఈనవలెను. ఈనినప్పుడు పుట్టిన కోడెదూడకు పని లేదు. అది పాలులేక చచ్చుటయో, వీధుల పాలగుటయో, అమ్ముడుపోవుటయో జరుగుచున్నది. బసవని పేరు పెట్టుకొన్న మనము బసవని సంతతి ఏమగుచున్నదో అడుగకుండుట న్యాయమా?

“బసవపురాణమున గొడగూచి పాలు తెచ్చి శివునిచే త్రాగింపలేదా?” అని కొందరు అడుగుదురు. తప్పక త్రాగించినది. కాని 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు రచించిన ఆ గ్రంథముననే కన్నప్ప కథయు కలదు. కన్నప్ప శివునకు మాంసము అర్పించెను. అది చూపి మనలో ఎవడైన మాంసము తినునా? తినడు. అచ్చట శివుడు స్వీకరించినది భక్తినే గాని పదార్థమును గాదని మనమే చెప్పుదుము. కన్నప్పకు చెప్పిన అర్థమునే గొడగూచికిని చెప్పవలెను గదా! ఆ బాలిక కన్నీరే నైవేద్యము; పాలు నిమిత్తమాత్రము.

అర్పణకు తెచ్చిన పాలను దూడ ముందే ఎంగిలి చేసియుండునని శరణులు గుర్తించిరి. లోకమున ఎంగిలి కానిది లేదని, మనసొక్కటే అర్పింపదగినదని వారి భావము. నేటి పాలకు ఆ ఎంగిలి దోషము కూడ లేదు. దూడ వానిని రుచియే చూడలేదు. ఎంగిలికంటె ఇది గొప్ప దోషమని నాకు తోచుచున్నది.

పాలు, తేనె, పట్టు, తోలు మొదలుగా ప్రాణినుండి వచ్చినదేదియు వాడని జీవనమునకు 1944లో ఇంగ్లండున ‘వీగన్’ అను పేరు పెట్టిరి. అట్టి ఆహారమునకు మన ప్రభుత్వమును 2022లో నియమములు చేసి ప్రత్యేక చిహ్నము నిర్ణయించినది. పేరు పరదేశమైనను దయ మనదే. పట్టుదారమునకై పురుగులను గూళ్లలోనే చంపుదురు. మడికి శుభ్రమైన నూలువస్త్రము చాలదా? ఇష్టలింగమునకు జలము, విభూతి, పత్రి చాలును.

ఆచరణలో తొందర పనికిరాదు. ముందు చాయలో పాలు మానవచ్చును. వేరుసెనగ పాలతో పెరుగు తోడుకొనును. కొబ్బరిపాలు పాయసమునకు పనికివచ్చును. ఆవుపాలు 100 గ్రాములలో సుమారు 120 మిల్లీగ్రాముల సున్నము ఉండగా, అంతే తూకపు రాగులలో సుమారు 350 ఉండును. నువ్వులు, మునగాకు, తోటకూర మన వంటింటివే. అయితే బి12 విటమినుకు ధాన్యముల, కూరగాయల మీద ఆధారపడరాదు. పాలు పూర్తిగా మానినవారు దానిని మాత్ర రూపమున తప్పక తీసికొనవలెను. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు వైద్యుని అడుగకుండ మార్పు చేయరాదు. శరీరమును శుష్కింపజేయుట వ్రతము కాదు. కాయకమునకు కాయము కావలెను.

మరియొక హెచ్చరిక. పాలు మానినవాడు మానని వానిని తక్కువగా చూచిన, మానుటవలన ఫలమేమి? హరళయ్య దంపతులు తమ తొడల చర్మముతో పాదరక్షలు కుట్టి తేగా, బసవేశ్వరుడు వానిని తొడుగుటకు వెరచి తలపై పెట్టుకొనెనని చెప్పుదురు. తోలుపని చేయువారిని గాని, పాడిపై బ్రతుకువారిని గాని, మాంసము తిను పొరుగువారిని గాని చిన్నచూపు చూచుట శరణధర్మము కాదు. తన నోటిని నిగ్రహించుకొనుట ఆచారము. ఇతరుల నోటిని పరీక్షించుట అహంకారము.

మా యింట బలవంతము లేదు. మా తల్లి నేటికిని తన పెరుగు తాను తినుచున్నది, మనుమరాలే వడ్డించుచున్నది. నేను చాయలో పాలు మానితిని. కాని మొన్నటి బసవ జయంతినాడు ఒక వింత జరిగినది. కొత్తపేట పండ్ల విపణి 2021లో బాటసింగారమునకు తరలిపోయినను, వైశాఖమున మా వీధికి మామిడిపండ్ల బండ్లు వచ్చుచునే యున్నవి. మా తల్లి తానే పండ్లు కొనిపించి, కొబ్బరి తురిమి పాలు తీసి, బెల్లపు పాయసము వండినది. నైవేద్యము పెట్టుచు, “ఈ ఒక్కనాడైన బసవన్న పేర దూడ పాలు దూడకే ఉండనీ” అన్నది.

ఆ మాటకు మించిన వ్యాఖ్యానము నా పాండిత్యమునకు అందలేదు. మీ యింటను సంవత్సరమున ఒక్కనాటితో ఆరంభింపుడు. దయ పెరిగినకొలది దినములు తామే పెరుగును.

ఓం శ్రీ గురుబసవ లింగాయ నమః.