మాటకు కొలబద్ద ఎవరిది?

పక్షవాతం సోకిన మనిషికి "మాట పడిపోయింది" అంటారు మన పల్లెల్లో. ఈ ఒక్క పలుకులో రెండు వేర్వేరు నష్టాలు దాగి ఉన్నాయి. మెదడులో భాషను నడిపే భాగం దెబ్బతింటే నాలుక ఆడుతుంది గాని మాట దొరకదు; వైద్యులు దీనిని అఫేసియా అంటారు. నోటి కండరాలపై నరాల అదుపు చెడితే మాట తెలిసి కూడా స్పష్టంగా పలకదు, ఇది డిసార్థ్రియా. మాట పోవడం కర్మఫలం కాదు, దానికి మెదడులో భౌతిక కారణం ఉన్నదని 1861లోనే ఫ్రాన్సులో పాల్ బ్రోకా చూపాడు.

ఈ నష్టాన్ని అంకెల్లో కొలవడం అవసరమా? నిశ్చయంగా అవసరం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అఫేసియాను వైకల్యంగా గుర్తించింది. అయితే రిజర్వేషన్ల వంటి ముఖ్యమైన హక్కులకు వైకల్యం నూటికి 40 పాళ్ళకు తగ్గలేదని ధ్రువపత్రం కావాలి. కొలత లేకపోతే పేదవాడు అధికారి దయ మీద బతకవలసిందే. కావున అంకెను ఈసడించడం అభ్యుదయం కాదు.

కాని కొలతకు ప్రమాణం ఎవరి మాట? కెనడాలో ఆండ్రూ కెర్టెజ్ రూపొందించిన పరీక్ష ప్రసిద్ధమైనది. అందులో ధారాళత, గ్రహింపు, విన్నది తిరిగి చెప్పడం, వస్తువుల పేర్లు చెప్పడం చూసి నూటికి మార్కులు వేస్తారు, 93.8కి తగ్గితే అఫేసియా. ఇటువంటి పరీక్షను పాలమూరు కూలీకి పెట్టారనుకుందాం. "నిన్న బజారుకు వెళ్ళాను" అనే వాక్యాన్ని తిరిగి చెప్పమంటే అతడు "నిన్న అంగడికి వోయిన" అంటాడు. అర్థం చెడలేదు, జ్ఞాపకం చెడలేదు. చెడింది పుస్తకంలోని వాక్యమే. దానికి మార్కు తగ్గిస్తే మనం కొలిచింది జబ్బును కాదు, జిల్లాను. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతమే. గీసిన బొమ్మను చూసి పేరు చెప్పడం కూడా బడి నేర్పే అలవాటే. ఇక దేవరకొండ తండాలలో ఇంటి భాష లంబాడీ; తెలుగులో మాత్రమే పరీక్షిస్తే సగం మనిషినే పరీక్షించినట్లు.

చదువు లేని మెదడులో భాష లేదనుకోవడం అజ్ఞానం. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాలలో, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు దాదాపు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చినట్లు తేలింది. నిరక్షరాస్యులలోనూ ఈ తేడా కనబడింది.

గిడుగు రామమూర్తి వాడుకభాషకు గౌరవం కోసం పోరాడాడు. కాని పుస్తకాలకెక్కిన వాడుక కొన్ని జిల్లాలదే అయింది. ఆ అన్యాయం ఆసుపత్రి బల్ల మీద కూడా సాగరాదు.

ఒక్కొక్కరికి ఒక్కొక్క కొలబద్ద అయితే పోల్చడమెట్లా అని అడగవచ్చు. పోల్చవలసింది మనిషిని మనిషితో కాదు, అతని నేటి మాటను నిన్నటి మాటతో. ఆ నిన్నటికి సాక్షులు ఇంటివారు, తోటి కూలీలు. అదే ఊరిలో, అదే పనిలో, అదే భాషలో ఉన్న ఆరోగ్యవంతులను పరీక్షించి ప్రమాణాలు కట్టాలి. 95 మార్కులు వచ్చిన ఉపాధ్యాయుడు పాఠం చెప్పలేకపోవచ్చునని కూడా మరువరాదు. అంకెతో విచారణ ముగియదు, మొదలవుతుంది. ఆ విచారణలో మొదట వినవలసింది మాట పోగొట్టుకున్నవాని ఊరి మాటనే.