చెల్లని కాసు ఎవరి ఖాతాలో?

ధనం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాన్ని హలాల్ మార్గంలో సంపాదించాలనీ, హలాల్ మార్గంలోనే ఖర్చు చేయాలనీ మనం ఎన్నోసార్లు విన్నాం. అయితే ధనం చేతులు మారేటప్పుడు ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య మరో అమానతు కూడా ఉంటుంది. అదే నమ్మకం. జేబులో ఉన్న నోటు నిజానికి కాగితం ముక్క. దాన్ని తినలేం, కట్టుకోలేం. రేపు మరొకరు దాన్ని కాదనకుండా పుచ్చుకుంటారన్న నమ్మకమే దాని విలువ. మరి ఆ నమ్మకం చెడితే దోషం ఎవరిది? పాలకులదా, ప్రజలదా?

గీతలు లెక్కపెట్టిన కాలం

దూరం పోనక్కరలేదు. రెండు లోహాలతో చేసిన పది రూపాయల నాణెం 2009లో చెలామణీలోకి వచ్చింది. 2011 నుంచి రూపాయి గుర్తుతో కొత్త నమూనా వచ్చింది. ఒకదాని మీద పదిహేను గీతలు, ఇంకొకదాని మీద పది గీతలు. ఇంతలో పదిహేను గీతలది దొంగ నాణెమని ఎవరో అన్నారు, అది అందరి నోటా పడింది. చెల్లని రూపాయికి గీతలెక్కువన్న సామెత అచ్చంగా నిజమైనట్లయింది. చివరికి ఏ గీతల నాణేన్నయినా వద్దనే దాకా వెళ్లింది. కోస్తాలోని ఇతర పట్టణాల్లో మాదిరే పిఠాపురంలోనూ కూరగాయల బజారులో, కిళ్లీకొట్టు దగ్గర, ఆటోలో ఈ పేచీ ఏళ్ల తరబడి నడిచింది. రిజర్వు బ్యాంకు 2016 నవంబరులో ఒకసారి, 2018 జనవరిలో మరోసారి ప్రకటన ఇచ్చింది. అప్పటికి వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని స్పష్టం చేసింది. అయినా ప్రభుత్వం మాటకన్నా పక్క కొట్టువాడి మాటే ఎక్కువ చెల్లింది.

ఒక వార్త వస్తే నిజానిజాలు విచారించుకోవాలనీ, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ దివ్యఖుర్‌ఆన్ (49:6) మనల్ని హెచ్చరించింది. నాణెం విషయంలో ఆ హాని ఎవరికి జరిగిందో ఆలోచించండి. డబ్బున్నవాడు బ్యాంకులో జమ చేసుకున్నాడు. ఆకుకూరలు అమ్ముకునే అమ్మ మాత్రం సాయంత్రానికి కొంగున మిగిలిన నాణేలతో బియ్యం కొనుక్కోలేకపోయింది.

పాలకుల బాధ్యత

ప్రజలు ఊరికే అనుమానించలేదన్నది కూడా నిజమే. 2016 నవంబరు 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. చెలామణీలో ఉన్న డబ్బు విలువలో దాదాపు 86 శాతం ఆ నోట్లదే. మగ్గం మీద బతికే ఉప్పాడ నేతగాడు, వేటకు వెళ్లే మత్స్యకారుడు, రోజు కూలీ, వీళ్లందరిదీ నగదు బతుకు. ఇంటి ఇల్లాలు పోపుల డబ్బాలో దాచుకున్నదీ, పెళ్లికని పోగుచేసుకున్నదీ పట్టుకుని వరుసల్లో నిలబడవలసి వచ్చింది. రద్దయిన నోట్లలో 99.3 శాతం బ్యాంకులకు తిరిగి వచ్చాయని రిజర్వు బ్యాంకే 2018లో లెక్క చెప్పింది. సుప్రీంకోర్టు 2023 జనవరిలో నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఆ నిర్ణయాన్ని సమర్థించింది, ఒకరు విభేదించారు. చట్టం సంగతి అలా తేలింది. కానీ నమ్మకం కోర్టు తీర్పుతో తిరిగి రాదు. 2023 మే నెలలో రెండు వేల నోటును ఉపసంహరించినప్పుడు, అది ఇంకా చెల్లుతుందని చెప్పినా చాలా దుకాణాల్లో పుచ్చుకోవడానికి వెనుకాడారు. ఒకసారి కాలినవాళ్లు మరి!

ఈ పాఠం చరిత్రకు కొత్త కాదు. రాజమండ్రి మసీదులో 1324 నాటి శాసనం ఉంది. అప్పుడు ఈ ప్రాంతం మీదికి సేనలు నడిపిన ఉలూగ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీ సుల్తాను అయ్యాడు. ఆయన 1330 ప్రాంతంలో రాగి, ఇత్తడి నాణేలు కొట్టించి వెండి టంకాతో సమానంగా పుచ్చుకోమన్నాడు. సుల్తానుకు విధేయుడైతే కరుణామయునికి విధేయుడైనట్లేనన్న భావం వాటి మీద చెక్కించాడు. కానీ దొంగ నాణేలు కొట్టకుండా ఆపే ఏర్పాటు చేయలేదు. జనం ఇళ్లలోనే కొట్టుకున్నారు, వర్తకులు వద్దన్నారు. రెండు మూడేళ్లకే ఆ నాణేలు వెనక్కి తీసుకుని ఖజానా నుంచి బంగారం, వెండి ఇవ్వవలసి వచ్చింది. దైవనామం చెక్కినంత మాత్రాన నాణేనికి విలువ రాలేదు. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. తాను ముద్ర వేసినదాని నష్టాన్ని ఆయన ప్రజల నెత్తిన రుద్దలేదు, ఖజానాయే భరించింది. పాలకుడి ముద్ర ఒక వాగ్దానం. వాగ్దానం గురించి ప్రశ్నించబడని వాడెవడూ లేడు.

మన బాధ్యత

పాలకులను విమర్శించి ఊరుకుంటే సరిపోదు. మన మధ్య ఒక అలవాటు ఉంది. దుకాణంలో వద్దన్న నాణెం, టేపు అంటించిన చిరిగిన నోటు జుమా రోజున మసీదు గుమ్మం దగ్గర ఫకీరు చేతిలో పడుతుంది. లేదంటే చందా పెట్టెలో పడుతుంది. ఇతరులు మనకిస్తే కళ్లు మూసుకుని తప్ప పుచ్చుకోని నాసిరకం వస్తువును దానంగా ఇవ్వాలని చూడవద్దని దివ్యఖుర్‌ఆన్ (2:267) బోధించింది. అటువంటి దాత తనకు తానే సాక్షి. ఆ నాణెం మంచిదని నమ్మితే, కొట్టు దగ్గర పేదవాడి నుంచి దాన్ని పుచ్చుకోకపోవడం అన్యాయం. చెడ్డదని నమ్మితే, దాన్ని ఫకీరుకు ఇవ్వడం మోసం. రెండింటిలో ఏ దారిన పోయినా తప్పించుకోలేడు.

నిజంగా దొంగ నోటే చేతికొస్తే ఏం చేయాలి? ఇమామ్ గజాలీ (రహ్మలై) తమ ‘ఇహ్యా’లో దీన్ని చర్చించారు. తెలిసి తెలిసి ఒక దొంగ దిర్హమ్‌ను ఇతరులకు అంటగట్టడం దొంగతనం కన్నా పెద్ద పాపమన్న అభిప్రాయాన్ని వివరించారు. దొంగతనం ఒకసారితో ముగుస్తుంది. దొంగ నాణెం మాత్రం మనం చనిపోయిన తర్వాత కూడా చేతులు మారుతూ, మోసపోయిన ప్రతివాడి నష్టాన్నీ మన లెక్కలో రాయిస్తూ ఉంటుంది. అందుకే దాన్ని బావిలో పడేయమన్నారు. నేటి పద్ధతి ప్రకారం బ్యాంకులో అప్పగించాలి. దానికి బదులు డబ్బు రాదు, ఆ నష్టం మనదే. నిజమే, కష్టంగానే ఉంటుంది. కానీ నష్టం మన దగ్గర ఆగిపోతే అది సహనం. ఎదుటివాడి మీదికి తోస్తే ద్రోహం.

కనుక సోదర సోదరీమణులారా! విచారించకుండా ఏ నాణేన్నీ కాదనకండి. చెల్లేదని తెలిశాక పేదవాడి చేతి నుంచి ముందుగా మీరే పుచ్చుకోండి. మీరు పుచ్చుకోనిదాన్ని ఇంకొకరికి ఇవ్వకండి. ప్రభుత్వాలు చేసిన వాగ్దానాలకు ప్రభుత్వాలు జవాబు చెప్పుకుంటాయి. మన గల్లాపెట్టె లెక్క మాత్రం మనమే చెప్పుకోవాలి. ఆ రోజున ఏ నాణెమూ చెల్లదు. న్యాయంగా ఇచ్చి, న్యాయంగా పుచ్చుకున్నదే చెల్లుతుంది.