వెల చెల్లించిన భోజనం ఆతిథ్యమవుతుందా?

ఫ్రాన్సు పల్లెల్లో సొంత ఇంటి గదులను బాటసారులకు ఇచ్చి, ఉదయం ఫలహారం పెట్టే పద్ధతిని షాంబ్ర్ దోత్ అంటారు. అక్కడి చట్టం ప్రకారం ఇలాంటి ఇంట్లో గదులు 5, అతిథులు 15 మంది మించకూడదు. పక్కబట్టలు, ఫలహారం ఇవ్వడం తప్పనిసరి. వచ్చినవారిని ఇంటివారే స్వయంగా ఆదరించాలి. రాత్రి భోజనం కూడా పెడితే అది తాబ్ల్ దోత్. దానికి మరికొన్ని నియమాలున్నాయి. ఆ ఇంట్లో బస చేసినవారికే పెట్టాలి, అందరికీ ఒకే వంట వండాలి, కుటుంబం తినే బల్ల దగ్గరే వడ్డించాలి, ఆ ప్రాంతపు సరుకులు వాడాలి. ఇవి తప్పితే ఆ ఇల్లు రెస్టారెంటు కింద లెక్క. ముందే వెల చెప్పి పెట్టే ఈ భోజనం ఆతిథ్యమా, అమ్మకమా అన్నది మతమూ తత్వశాస్త్రమూ చాలాకాలంగా ఆలోచిస్తున్న ప్రశ్న.

క్రైస్తవ సంప్రదాయంలో ఆతిథ్యానికి తొలి ఆదర్శం అబ్రాహాము. ఆదికాండం 18వ అధ్యాయంలో అతను మండుటెండలో వచ్చిన ముగ్గురు అపరిచితులకు ఎదురువెళ్లి, శారాతో రొట్టెలు చేయించి, లేతదూడను వండించి పెడతాడు. వారెవరో అడగడు. మత్తయి సువార్త 25వ అధ్యాయం మరో అడుగు ముందుకు వేసి, పరదేశిని చేర్చుకోవడం క్రీస్తును చేర్చుకోవడమేనని బోధిస్తుంది. 6వ శతాబ్దంలో సన్యాసుల కోసం నియమావళి రాసిన బెనెడిక్ట్ ఈ బోధను వంటింటి ఏర్పాట్ల దాకా తెచ్చాడు. అతిథులు ఏ వేళకైనా రావచ్చు కాబట్టి వారికోసం వేరే వంటగది ఉండాలనీ, పని బాగా తెలిసిన ఇద్దరిని ఏడాదిపాటు అక్కడ నియమించాలనీ, మఠాధిపతి అతిథులతో కలిసి తినాలనీ ఆదేశించాడు. ధనవంతులకు మర్యాద ఎలాగూ జరుగుతుంది, పేదలనూ యాత్రికులనూ ఎక్కువ శ్రద్ధతో చూడాలన్నది అతని హెచ్చరిక.

ఈ నియమం ఫ్రాన్సు నేలలో లోతుగా పాతుకుంది. లె పుయ్ నుంచి స్పెయిన్‌లోని సాంతియాగోకు నడిచే యాత్రికుల దారి ఓబ్రాక్ పీఠభూమి మీదుగా పోతుంది. అక్కడ 1120 ప్రాంతంలో ఒక సత్రం వెలిసింది. మంచులో దారి తప్పినవారి కోసం దాని గంట మోగించేవారు. సన్యాసులు యాత్రికులకు రొట్టె, చీజ్ కలిపి వండి పెట్టిన వంటకమే తర్వాత బంగాళాదుంపలతో చేసే అలిగోగా మారిందని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ దారిలో నేటికీ కొన్ని ఇళ్లలో ధర ఉండదు. వెళ్లేముందు ఎవరికి తోచినంత వారు పెట్టెలో వేస్తారు.

డబ్బు వచ్చాక ఆతిథ్యం పోయిందన్న వాదన కొత్తది కాదు. 1765లో వెలువడిన ఫ్రెంచి విజ్ఞానకోశం 8వ సంపుటంలో జొకూర్ రాసిన వ్యాసం ఆ మాటే అంటుంది. వర్తకం దేశాలను కలిపింది, మనిషికీ మనిషికీ మధ్య ఉన్న ఉపకారబంధాన్ని మాత్రం తెంచిందన్నది అతని బాధ. 1997లో ప్రచురితమైన ప్రసంగాల్లో తత్వవేత్త డెరిడా ఈ చిక్కును ఇంకా లోతుగా చూశాడు. పేరు అడగకుండా, షరతు పెట్టకుండా తలుపు తెరవమనేది ఆతిథ్య ధర్మం. కానీ తలుపు తెరవాలంటే ముందు ఇల్లు ఉండాలి, దానికి యజమాని ఉండాలి, అంటే హద్దులు ఉండాలి. షరతులు లేని ఆదర్శం, షరతులున్న ఆచరణ ఒకదానితో ఒకటి పోట్లాడుతూనే ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి.

అయితే వెలకు కూడా ఒక ధర్మముంది. ఉచితంగా తీసుకున్నది తిరిగి ఇవ్వవలసిన బాధ్యతను మోపుతుందని సామాజికవేత్త మార్సెల్ మోస్ 1925 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో చూపాడు. మళ్లీ రాని బాటసారి ఆ రుణం తీర్చలేడు. వెల ఆ భారాన్ని దించుతుంది. మాంసానికి, కట్టెలకు, దుప్పటికి, ఇంటివారి శ్రమకు లెక్క తేలిపోతుంది. ఆ తర్వాత మిగిలేది అతిథి పట్ల చూపే శ్రద్ధ. దాన్ని బిల్లులో వేయడం సాధ్యం కాదు కాబట్టి, అది ఇస్తే దానంగానే ఇవ్వాలి. తాబ్ల్ దోత్ నియమాలు దీన్ని గుర్తించినట్టే ఉన్నాయి. ఒకే కుండ, ఒకే బల్ల అన్నప్పుడు కొనుగోలుదారుకు ఎంపిక పోతుంది. అతను ఆ రాత్రికి ఆ ఇంటి పంక్తిలో మనిషి అవుతాడు. వెల తీర్చలేని లోటు ఒకటుంది: చెల్లించలేనివాడికి ఆ తలుపు తెరుచుకోదు. బెనెడిక్ట్ ముందుగా చూసింది ఆ పేదవాడినే. అందుకే ఈ ఇళ్లు మఠం పాటించిన ఆతిథ్యంలో ఒక భాగాన్ని మాత్రమే నిలుపుకుంటాయి.

అసలు పరీక్ష వంటింట్లో ఎదురవుతుంది. లూకా సువార్త 10వ అధ్యాయంలో మార్త పనుల ఒత్తిడిలో ఉండగా, ఆమె చెల్లెలు మరియ యేసు పాదాల దగ్గర కూర్చుని వింటుంది. మరియే ఉత్తమమైనదాన్ని ఎన్నుకుందని యేసు అంటాడు. సేవ గొప్పదా, సన్నిధి గొప్పదా అన్న వాదానికి ఈ కథ మూలం. 14వ శతాబ్దపు జర్మన్ గురువు ఎకార్ట్ మాత్రం పనిలో ఉండి కూడా మనసు చెదరని మార్తనే పరిపక్వురాలిగా భావించాడు. ప్రోవాన్స్ ప్రజల నమ్మకం ప్రకారం ఆమె తరాస్కోన్‌కు వచ్చి అక్కడే సమాధి అయింది. వంటవారికీ అతిథులను ఆదరించేవారికీ ఆమె రక్షక పునీతురాలు.

పల్లె వంట ఈ వాదానికి తనదైన సమాధానం చెబుతుంది. ముందురోజే వైన్‌లో నానబెట్టి సన్నని సెగ మీద ఉడికించే దోబ్, బీన్స్‌తో మాంసం కలిపి గంటల తరబడి పొయ్యిలో ఉంచే కాస్సూలె వంటివి అతిథి ఆలస్యమైనా చెడవు. ఇంటావిడ పొయ్యి దగ్గర నిలబడనక్కర్లేదు, బల్ల దగ్గర కూర్చోవచ్చు. ఓపికతో ముందుగా చేసిన పని అతిథుల మాటలు వినేందుకు ఆమెకు తీరిక ఇస్తుంది. మార్త చేతులతో వండి, మరియ మనసుతో కూర్చోవడం అలా సాధ్యమవుతుంది.

ఒకే వంట అన్న నియమానికి అతిథి వ్రతం అడ్డుపడవచ్చు. శాకాహార హిందువు, జైనుడు, ముస్లిం, యూదుడు ఆ బల్ల దగ్గరకు రావచ్చు. కూరగాయలతోనే చేసినట్టు కనిపించే ఉల్లిపాయ సూపులో తరచూ గొడ్డుమాంసపు రసం ఉంటుంది. నైరుతి ప్రాంతంలో వేపుళ్లకు బాతు కొవ్వు వాడతారు. సంప్రదాయ చీజుల్లో చాలావాటికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో పాలు విరగ్గొడతారు. అతిథి నియమాన్ని మొండితనంగా చూడకుండా, కుండలో ఏముందో ఉన్నదున్నట్టు చెప్పడం ఇంటివారి ధర్మం. తనకు నిషిద్ధమైనవేమిటో ముందే తెలియజేయడం అతిథి ధర్మం. వేళకు రావడం, పెట్టినదాన్ని గౌరవించడం, పక్కవారితో మాట కలపడం కూడా అతని బాధ్యతలే.

వెల తీసుకోవడం ఒక్కటే ఆతిథ్యాన్ని చంపదు, ఉచితమైనంత మాత్రాన అది పుట్టదు. వచ్చినవాడిని తమతో సమానంగా కూర్చోబెట్టి, అతని ఆకలితోపాటు అతని అంతరాత్మనూ పట్టించుకుని వండిన భోజనం, డబ్బు చేతులు మారినా ఆతిథ్యమే.