దినమునకొక బొమ్మ

తప్పిన నియమమును మరునాడు రెండింతలు చేసి పూరింపవచ్చునా? ఈ ప్రశ్న అల్పముగా దోచును గాని మన నడవడికి సంబంధించిన పెద్ద విషయ మొకటి దీనియందు గలదు.

అమెరికా దేశీయుడగు జేక్ పార్కర్ అను చిత్రకారుడు 2009వ సంవత్సరమున, అక్టోబరు మాసపు 31 దినములును దినమునకొక బొమ్మను సిరాతో వ్రాయవలెనని తనకు దానే యొక నియమము విధించుకొనెను. అది ఇంక్టోబర్ అను పేర దేశదేశములకు వ్యాపించినది. ఈ భావము క్రొత్తది కాదు. గీత గీయక యొక దినమైనను గడపని యవన చిత్రకారుడు అపెల్లీసును గూర్చి ప్లీనీ వ్రాసియున్నాడు. అభ్యాసము చిరకాలము, ఎడతెగక, ఆదరముతో సాగవలెనని మన పతంజలియు జెప్పెను.

మన ప్రాంతపు విద్యార్థి యీ వ్రతమును బూనినచో వస్తువులకు కొఱత లేదు. గండికోటలో ధాన్యాగారమును జుమ్మా మసీదును గలవు. పులివెందులలో చీనీతోటలు గలవు. ప్రొద్దుటూరిలో బంగారు అంగళ్లు గలవు. ఒక కలము, ఒక తెల్లకాగితముల పుస్తకము చాలును.

కష్టమంతయు ఎడతెగకుండుటయందే యున్నది. ఒకనాడు ఇంట బెండ్లి, బొమ్మ తప్పినది. మరునాటి రాత్రి ఆ విద్యార్థి రెండు బొమ్మలు వ్రాసి, ఒకదానిక్రింద నిన్నటి తేదీ వేయును. “లెక్క సరిపోయినది గదా, ఎవరికి నష్టము?” అని యడుగును.

ప్రొద్దుటూరి వర్తకుని గుమాస్తా నేడు వచ్చిన పైకమును నిన్నటి తేదీతో జమ కట్టినచో మొత్తము సరిగానే యుండును. అయినను వర్తకు డా చిట్టాను మఱి నమ్మడు. బొమ్మల పుస్తకమును అట్టి చిట్టాయే. మైలవరము జలాశయమునుండి నీరు విడిచిననాడు పెన్న యొకరీతిగా నుండును. విడువనినాడు ఇసుకయే కనబడును. తేదీ వేసిన బొమ్మ “ఈనాడు నేను చూచితిని” అని చెప్పు సాక్ష్యము. చూడనినాటికి సాక్ష్యము పలుకుట ఎట్లు?

“ఇది వినోదమే గదా, ఇంత పట్టింపేల?” అందురేమో. పరీక్షలలో మార్కులకై, కొలువులో జీతమునకై మనము సత్యమును పాటింతుము. అందు భయము కొంత పాలు. ఇచ్చట అడుగువాడు లేడు, శిక్షించువాడు లేడు. తనకు దానిచ్చుకొన్న మాటను నిలుపుకొనగలడో లేదో మనుష్యునకు దెలియునది ఇట్టిచోటనే. సీసపుకలముతో గీచినదానిని చెఱపవచ్చును, సిరా చెఱగదు. వంకరపోయిన బురుజును వంకరగానే యుంచుటకు సమ్మతించినవాడు, తప్పిపోయిన దినమును మాత్రము దాచుట యేల?

ఇంకొక తెగవారు గలరు. ఒక దినము తప్పగానే వ్రతభంగమయ్యెనని పుస్తకమునే మూసివేయుదురు. ఇది నిష్ఠ కాదు, అహంకారము. తల్లి జ్వరముతో మంచము పట్టినప్పుడు ఆమెకు మందు పోయక బొమ్మ వ్రాయుచు గూర్చున్న కుమారుని ఎవరు మెచ్చుదురు? ఆనాడు బొమ్మను మానుటయే ధర్మము. కాని మానినట్లు పుస్తకము చెప్పవలెను. ఆ పుటపై తేదీ మాత్రము వేసి, తక్కినదానిని ఖాళీగా విడిచి, మరునాడు తరువాతి పుట తిప్పవలెను. మూడు ఖాళీపుటలును 28 బొమ్మలును గల పుస్తకము, దొంగతేదీలతో నిండిన 31 బొమ్మల పుస్తకముకంటె మేలైనది.

ఈ విషయమున దోషము బాలురది మాత్రమే కాదు. తప్పిన నోమునకు దక్షిణతో పరిహారము కొనుట మనకు వంశపారంపర్యముగా వచ్చిన యలవాటు. పాఠశాలలలోను మనము బొమ్మలను లెక్కించి బహుమతు లిచ్చుచున్నాము. లెక్కనే యడుగువానికి బాలుడు లెక్కనే చూపును. ఉపాధ్యాయులును తల్లిదండ్రులును పుస్తకము తెఱచినప్పుడు “ఎన్ని వ్రాసితివి?” అని గాక “ఆనాడేమి చూచితివి?” అని యడుగుదురు గాక. ఖాళీపుట కనబడినప్పుడు కోపింపక, దాని కథయు నడిగి విందురు గాక.