తానై ఏర్పడు క్రమము – మానవుని బాధ్యత

వేసవిలో నీరు అడుగంటిన పిమ్మట చొప్పదండి ప్రాంతమున చెరువు గర్భములోనికి దిగి చూచినచో, ఎండిన ఒండ్రుమట్టి నెర్రెలు విచ్చి, పలకలు పలకలుగా, ఎవరో కొలిచి గీచినట్లు అమరియుండును. అచట ఏ శిల్పియు గీత గీయలేదు. నీరు ఆవిరియైన కొలది మట్టి ముడుచుకొనును. ముడుచుకొనుటకు ఎడము లేక బిగువు హెచ్చి, బలము తక్కువయైన చోట పగులును. మొదటిసారి ఎండినపుడు పగుళ్లు ఒకదానినొకటి ఇంచుమించు లంబకోణమున కలియును. తడియుట, ఎండుట పలుమారులు జరిగినచో ఆ కలయికలు మెల్లమెల్లగా మారి, మూడు పగుళ్లు సమానకోణములతో కలియు స్థితికి చేరువగును; పలకలు ఆరు మూలల ఆకృతిని దాల్చును.

ఆజ్ఞాపించువాడు లేకయే క్రమము పుట్టుట ప్రకృతిలో అరుదు కాదు. అయితే ఇందుండి ఒక ధర్మప్రశ్న ఉదయించుచున్నది. క్రమము తనంతట తానే ఏర్పడునదైనచో, దాని మంచిచెడ్డలకు బాధ్యులెవరు? సంఘములోని ఏర్పాట్లు కూడ ఇట్లే కాలక్రమమున ఏర్పడినవి గనుక వానికి ఎవరును బాధ్యులు కారనుట న్యాయమగునా?

పొలముగట్టున లేచిన చెదల పుట్టను పరికించిన ఈ ప్రశ్న మరింత స్పష్టమగును. పుట్టలోని గదులు, దారులు, గోడలు చూచినవారు లోపల ఒక మేస్త్రి ఉండి పని నడిపించుచున్నాడని తలంతురు. అట్టి మేస్త్రి లేడు. రాణి గ్రుడ్లు పెట్టునే గాని కట్టడమునకు ఆజ్ఞలియ్యదు. ఫ్రాన్సు దేశపు జీవశాస్త్రజ్ఞుడు పియేర్ పాల్ గ్రాసే 1959లో ఈ మర్మమును వివరించెను. ఒక పురుగు పెట్టిన మట్టియుండ మరియొక పురుగును అచటనే మట్టి పెట్టుటకు పురికొల్పును. ఉండపై ఉండ చేరి స్తంభమగును. దగ్గరి స్తంభములు వంగి కలిసి కమానగును. పుట్ట యొక్క పూర్ణరూపము ఏ పురుగునకును తెలియదు. అయినను ఏ పురుగు పని లేకయు ఆ పుట్ట లేదు. చేసిన పనియే చేయవలసిన పనిని నిర్ణయించుచున్నది.

ఇట్టి క్రమములలో కొన్ని నిత్యము పోషింపబడుచున్నంత కాలమే నిలుచును. ఫ్రాన్సు దేశీయుడే యైన హెన్రీ బెనార్ 1900 ప్రాంతమున పలుచని ద్రవపు పొరను క్రిందినుండి వేడిచేసి చూచెను. అంతవరకు ఏకరీతిగానున్న ద్రవము తేనెపట్టువలె ఆరుమూలల గదులుగా విభక్తమయ్యెను. వేడిమి తొలగిన ఆ గదులును తొలగును. బయటినుండి శక్తి ప్రవహించుచుండగా మాత్రమే నిలుచు ఇట్టి నిర్మాణములను గూర్చిన సిద్ధాంతమునకే ఇల్యా ప్రిగోజిన్ అను బెల్జియం శాస్త్రజ్ఞునకు 1977లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఈ సత్యము గుర్తుంచుకొనదగినది. తానై నిలిచినట్లు కనబడు క్రమమునకు సహితము అడుగున ఏదో ఒక పొయ్యి మండుచునే యుండును.

ఇక పదార్థముతో పనిచేయు మానవుని సంగతి. కరీంనగరపు వెండితీగ పని లోకప్రసిద్ధము. సన్నని వెండితీగను మెలిపెట్టి, చుట్టలుగా మలచి, చట్రములో కూర్చి, టంకముతో అతుకుదురు. వెండి తునక కరిగినపుడు తానే గుండ్రని బిందువగును. టంకము కరిగి తీగల నడిమి సన్నని సందులలోనికి తానే ప్రాకును. పనివాడు దానిని చేతితో నెట్టడు. నెట్టుట సాధ్యము కాదు. అయినను ఏ తీగ ఏ తీగ ప్రక్కన నిలువవలెనో, ఎంత వేడిమి తగులవలెనో నిర్ణయించువాడు అతడే. అతుకు విడినచో టంకమే తప్పు చేసినదని చెప్పి తప్పించుకొను పనివానిని ఎవరును మెచ్చరు. పదార్థము తన స్వభావమును అనుసరించును. దానిని ఎరిగి తగిన చోట ఉంచుట మానవుని కాయకము.

సంఘమునందును ఇదే న్యాయము. అమెరికా ఆర్థికశాస్త్రజ్ఞుడు థామస్ షెల్లింగ్ 1971లో ప్రకటించిన పరిశోధన ఇందుకు తార్కాణము. గళ్ల పలకపై రెండు రకముల నాణెములను కలగలుపుగా ఉంచి, ప్రతి నాణెమునకు ఒక చిన్న నియమము పెట్టవచ్చును. ఇరుగుపొరుగున మూడవ వంతైనను తనవంటివి ఉన్నచో అది కదలదు. లేనిచో వేరొక గడికి పోవును. ఈ నియమములో ద్వేషము లేదు. అయినను కొన్ని కదలికలు ముగియునప్పటికి నాణెములు చాలవరకు రెండు గుంపులుగా విడిపోవును. ఎవరును వేర్పాటును కోరలేదు. వేర్పాటు మాత్రము వచ్చినది.

గ్రామములలోని వాడల విభజన ఇంత అమాయకముగా జరుగలేదు. నీటిని, నేలను, గుడిని నిరాకరించిన బలాత్కారము దాని వెనుక కలదు. అయినను బలాత్కారము సన్నగిల్లిన తరువాత కూడ ఆ గీతలు చెరగక నిలుచుటకు కారణము ఇట్టి చిన్న నియమములే. ఎవరి ఇంట భోజనము చేయవలెను, ఎవరి పిల్లను అడుగవలెను, ఎవరిని అరుగుపై కూర్చుండబెట్టవలెను అను విషయములలో ప్రతి కుటుంబమును తన కొద్దిపాటి ఎంపిక చేసికొనును. "ఇది లోకాచారము, మేము చేసినది కాదు" అని అందరును అందురు. ప్రతివారును ఒక మట్టియుండను పెట్టినవారే.

12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు మార్చినది ఈ చిన్న నియమమునే. చాకలి వృత్తి చేయు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, మంత్రిపదవియందున్న బసవన్న ఒకే శరణుల గోష్ఠికి చెందినవారు. ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుందురన్నది మారగా సంఘపు రూపమే మారసాగెను. పాల్కురికి సోమనాథుడు ఆ శరణుల చరిత్రలను బసవపురాణముగా తెలుగున వెలయించెను.

కాని పగిలిన మట్టికి జ్ఞాపకము కలదు. వాన కురిసిన నెర్రెలు మూసికొనును. మరల ఎండినపుడు తరచుగా పూర్వపు చోటనే విచ్చుకొనును. ఏటికొక జయంతియు, ఒక పూట సహపంక్తి భోజనమును ఆ వానవంటివే. శరణుల పేరు చెప్పుకొను ఇండ్లలోనే వివాహసంబంధముల వేళ శాఖాభేదములు తలయెత్తినచో, పాత పగులు పాత చోటనే ఉన్నదని గ్రహింపవలెను. వాన ఎంత కురిసినను దున్నని నేలలో పగులు పోదు.

చెదపురుగు తన నియమమును మార్చుకొనజాలదు, మట్టి మార్చుకొనజాలదు, నాణెము మార్చుకొనజాలదు. మానవుడు మార్చుకొనగలడు. ఈ సామర్థ్యము ఉన్నందుననే అతనికి బాధ్యత కలిగినది. సంఘము నంతటిని ఒక్కడు తీర్చిదిద్దలేడు. అట్లని అతడు ఏమియు చేయనివాడును కాడు. తన గడపవద్ద, తన పంక్తిలో, తన బిడ్డ వివాహమున తాను పాటించు చిన్న నియమమే అతని వంతు. ఆ పొయ్యిలో కట్టె వేయుటయా, తీయుటయా అన్నది ప్రతి ఇంటివారును ప్రతిదినమును నిర్ణయించుచునే యున్నారు.