మాన్పవలసిన దెవరి బాధ?

వ్యాధిని మాన్పవచ్చునా, మాన్పరాదా యని యెవరైన నడిగినచో లోకము నవ్వును. తన జ్వరమును మాన్పవలదని వైద్యునితో వాదించిన జ్వరపీడితుని మన మెఱుగము. కాని ఆటిజం విషయమున ఈ ప్రశ్న నవ్వులాట కాదు. ఆ స్థితితో పుట్టి పెరిగి తమ మనసును చెప్పుకొనగలిగిన వారిలోనే కొందరు తమ్ము మాన్పవలదనుచున్నారు. మఱికొందరు మాన్పు విధమున్నచో నేడే మాన్పుమనుచున్నారు. బిడ్డను చంకనిడుకొని మఠమునకు వచ్చి స్వామివారి యెదుట కూర్చుండు తల్లికి ఈ వాదము దూరమైనది కాదు. కావున పాఠక మహాశయులు కొంత ఓపికతో దీనిని పరిశీలింప ప్రార్థన.

1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు 11 మంది బిడ్డలను పరిశీలించి ఈ స్థితిని వర్ణించెను. మాట ఆలస్యముగా వచ్చుట, కొందరికి అసలే రాకుండుట, ఎదుటివారి కన్నులలోనికి చూడకుండుట, ఒకే పనిని పలుమారులు చేయుట, అలవాటైన క్రమము తప్పినచో తల్లడిల్లుట దీని లక్షణములు. వీరిలో పలువురికి చప్పుడు, స్పర్శ, వెలుతురు మనకన్న తీవ్రముగా తాకును. మన తీరమున రాత్రియెల్ల రొయ్యల గుంటలలో తిరుగు ఏరేటర్ల మోత మనకు జోలపాటయైపోయినది. అట్టి బిడ్డకు అది చెవిలో దించిన మేకు కావచ్చును. ఇది మెదడు ఎదుగుదలలోని భేదమే గాని తల్లి పెంపకపు లోపము కాదు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ తన గ్రంథమున తల్లుల మనఃకాఠిన్యమే కారణమన్నట్లు వ్రాయగా ఆ దేశములలో ఎందరో తల్లులు అపనింద మోసిరి. ఆ మాట తప్పని తేలి చాలకాలమైనది. మన యూళ్లలో మాత్రము గ్రహణమునాడు గడప దాటినదని కోడలిని దెప్పు అత్తలు ఇంకను కలరు.

1993లో కెనడాలోని టొరంటోలో జరిగిన సభ కొఱకు జిమ్ సింక్లెయిర్ అను ఆటిజం గల వ్యక్తి తల్లిదండ్రుల నుద్దేశించి చెప్పిన మాటల సారాంశ మిది. ఆటిజం బిడ్డపై కప్పిన ముసుగు కాదు; దానిని తొలగించినచో లోపల మఱియొక బిడ్డ కనబడడు. బిడ్డకు ఆటిజం లేకున్న బాగుండునని కోరుట, ఈ బిడ్డకు మాఱుగా వేఱొక బిడ్డ యుండిన బాగుండునని కోరుటయే. మీ శోకము మీరు ఆశించిన బిడ్డ కొఱకు. దానిని ఎదుటనున్న బిడ్డపై మోపకుడు. ఈ మాటలు చదివిన పిదప చాలసేపు నే నేమియు చదువలేకపోయితిని.

టెంపుల్ గ్రాండిన్ అను విదుషీమణి వృత్తి పశువధశాలల నిర్మాణమునకు సంబంధించినది. అది మనకు రుచింపదు. ఆమె అనుభవమును మాత్రము వినవలసినదే. చిటికెవేసి ఆటిజంను పోగొట్టుకొనగలిగినను తానట్లు చేయనని ఆమె చెప్పెను. ఆమెయే తన్ను పీడించు ఎడతెగని భయాందోళనకు ఏండ్ల తరబడి మందు వాడితినని దాచక వ్రాసెను. జొనాథన్ మిచెల్ అను రచయిత వాదము దీనికి విరుద్ధము. ఆటిజం తనకు జీవనోపాధిని, తోడును దక్కనీయలేదనియు, మాన్పవలదనువారు తనవంటి వారి తరఫున మాటాడరాదనియు ఆయన వాదించెను.

ఇచ్చట మన తల్లిదండ్రులొక ఆక్షేపము తెత్తురు. "మాన్పవలదనువారు చదివినవారు, మాటనేర్చినవారు. మా వాడు పదునైదేండ్లకును అన్నము అడుగలేడు. మేము పోయిన పిమ్మట వానికి ముద్ద పెట్టువా రెవరు?" దీనికి తేలిక సమాధానము లేదు. అయినను ఒకటి గమనింపవలెను. నోటితో గాక యంత్రముపై అక్షరములు నొక్కి భావము తెలుపుచుండిన మెల్ బాగ్స్ అను వ్యక్తి, తన చేతుల కదలికలు, కూనిరాగములు అర్థహీనములు కావనియు, అవి పరిసరములతో తాను జరుపు సంభాషణయే యనియు 2007లో ఒక చిత్రమున చూపెను. 2020లో మరణించిన ఆ వ్యక్తి అనుదినము ఇతరుల సాయముతో బ్రదికినవారు. తమ జీర్ణకోశవ్యాధికి వైద్యమును మాత్రము వైద్యులతో పట్టుబట్టి పొందిరి.

ఈ నలుగురి మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడగా, నయము అను ఒక్క మాటలో మనము రెండు పనులను ఇమిడ్చితిమని నాకు తోచుచున్నది. బిడ్డ బాధను తీయుట యొకటి. మన బాధ తీఱుటకై బిడ్డను మార్చుట యొకటి. మూర్ఛలు, నిద్రలేమి, తల గోడకు బాదుకొనుట, ఇవి బిడ్డ బాధలు. చేతులాడించుట, కన్ను కలుపకుండుట, పెండ్లివారి సందడిలో కూర్చుండక పెరటిలోనికి పోవుట, వీనివలన తలవంపు పడునది మనము. 1960లలో అమెరికాలో ఈవార్ లోవాస్ అను పండితుడు ఇట్టి చేష్టలను మాన్పుటకు చెంపదెబ్బలను, విద్యుదాఘాతమును సైతము వాడెను. పద్ధతులు మాఱినవి, నిజమే. కాని ఆ శిక్షణలో పెరిగినవారు పలువురు, తమకు అలవడినది బాధను దాచు విద్య మాత్రమేనని నేడు చెప్పుచున్నారు. గీత గీయుట సులభమని నేననను. మిచెల్ చెప్పిన ఒంటరితనము ఆయన బాధయే, లోకుల బాధ కాదు. అమ్మా యని బిడ్డ పిలువవలెనను కోరిక తల్లిదా, బిడ్డదా? ఇరువురిదియు కావచ్చును.

మన జిల్లాలో ఎ.యస్.పేట దర్గాలోను, గొలగమూడి ఆశ్రమములోను ఇట్టి బిడ్డలను నిద్ర చేయించుట కలదు. దానివలన తల్లికి నెమ్మది కలిగినచో నేను కాదనను. జనసమ్మర్దమున, ధూపపు పొగలో, అరచుచున్న బిడ్డను రాత్రులు పట్టి యుంచుట యెవరి నెమ్మదికో మాత్రము విచారింపవలెను. పట్టణములలో మూలకణముల సూదిమందుల పేర లక్షలు గుంజుట అంతకన్న ఘోరము. భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకములలో కొన్ని రక్తసంబంధ వ్యాధులకు తప్ప ఆ చికిత్సను ఆమోదింపలేదు. 2022లో జాతీయ వైద్య కమిషన్ వారి మండలి ఆటిజంకు దానిని వాడరాదని స్పష్టముగా చెప్పినది. అయినను చేను అమ్ముకొనువారు కలరు.

దీనికి ఎదురుకొన మఱియొక పొరపాటు. హిందీలో ఆటిజంను స్వలీనత యందురు. తనలో తాను లీనమగుట యనగానే శైవుల మనసు పొంగును. వీడు అవధూత, పూర్వజన్మ యోగి యని మ్రొక్కి, మూర్ఛకు మందు మ్రింగింపని యింటిని నే నెఱుగుదును. మాన్పుటయు లేదు, చూచుటయు లేదు.

నా తరగతిలో నొక బాలుడుండెను. వానికి వచ్చిన మాటలు పదింటికి మించవు. గంట మ్రోగిన చెవులు మూసికొని బల్లక్రింద దూరును. బొమ్మల అట్టలు చూపి కావలసినది తెలుపుట నేర్పుచుండగా, ఆ అట్టల పెట్టెను తానే మోసికొని వచ్చెడివాడు. గడ్డము పట్టి మొగమెత్తి కన్నులలోనికి చూడుమని అభ్యాసము చేయింపబోగా చేయి కొఱికెడివాడు. తన అభిప్రాయమును వాడు అంతకన్న స్పష్టముగా నెట్లు చెప్పగలడు? 1999 నాటి జాతీయ న్యాస చట్టము ననుసరించి, పదునెనిమిదేండ్లు నిండిన ఇట్టివారికి కలెక్టరుగారి అధ్యక్షతనుండు సంఘము సంరక్షకుని నియమించును. అటుపిమ్మట వాని తరఫున వ్రాలు చేయునది ఆ సంరక్షకుడే.

ఉన్న డబ్బుతో ఏది సాగింపవలెనని ఆ బాలుని తండ్రి నన్నడిగెను. మూర్ఛమందును, అట్టలను సాగింపుమనియు, గడ్డము పట్టుట విడువుమనియు చెప్పితిని. ఆయన అట్లే చేసెను. నాయనమ్మ మాత్రము ఇంకను ప్రతి సోమవారము తాయెత్తు మార్చుచున్నది. వాడు దానిని ఆ సాయంత్రమే తెంపివేయుచున్నాడట.