విషాదము పాపఫలమా?

మూర్ఛరోగులలో ఇంచుమించు మూడింట ఒక వంతు మందికి, తగిన మందులు రెండింటిని సక్రమముగా వాడినను, వ్యాధి లొంగదు. ఉత్తరాంధ్ర తీరమునుండి కడలి దాటివచ్చిన తెలుగువారు స్థిరపడిన, నేడు శ్రీవిజయపురమనబడు పోర్ట్‌బ్లెయిరులో, గోల్ ఘర్ వంటి పేటయందు, అట్టి యువకు నొకని భావింపుడు: స్నానపుగదికి గడియ వేసికొనరాదు, ఒంటరిగా పడవ యెక్కరాదు, ఈదరాదు; చుట్టును నీరే యున్న దీవిలో నీరే నిషిద్ధము. అతని మనస్సు క్రుంగినచో పూర్వజన్మకర్మ మందుమా?

అది నాకు సమ్మతము కాదు. మూర్ఛయు విషాదమును ఒకదాని వెంట నొకటి వచ్చుటను ప్రాచీన గ్రీకు వైద్యులే గుర్తించిరి. రెంటికిని మెదడే ఆశ్రయము, కొన్ని మూర్ఛమందులు సైతము మనస్సును క్రుంగదీయును. చరకసంహిత అపస్మారమునకు, అనగా మూర్ఛకు, చికిత్స చెప్పినది. కర్మ మనుల్లంఘనీయమైనచో చికిత్స యేల? 1999లో సవరించువరకు హిందూ వివాహచట్టము మూర్ఛను వివాహమున కనర్హతగా నుంచెను. ఆ యవమానము మనుష్యకృతమే కదా!

గీత ప్రథమాధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. విల్లు జారవిడిచిన వానిని కృష్ణుడు మందలించెనే కాని విడువలేదు, రథము దిగిపోలేదు. అట్టి యువకునికై మ్రొక్కుకొను తల్లి మ్రొక్కు మానవలదు. కాని కుమారుని నిద్రలేమిని, "ఈ బ్రతుకేల" యను మాటను వైద్యునికి తప్పక చెప్పవలెను, మందు మాత్రము తనంతట మాన్పింపరాదు.